ముఖ్యమంత్రి మొక్కుకి పైసలు ఎవరివి?

నమస్తే అందరికీ, హనుమకొండ నుంచి మాట్లాడుతున్నా. నిన్న అన్నం తింటూ మా మామ అడిగారు, ముఖ్యమంత్రి గుడికి పోయి దండం పెట్టుకుంటే నీకేం నొప్పి రా అని. ఏం నొప్పి లేదు మామా అన్నాను. రాజ్యాంగం 25వ అధికరణలో ఇచ్చిన హక్కు కుర్చీ ఎక్కగానే పోదు. గుడికైనా, చర్చికైనా, కాజీపేట దర్గాకైనా పోనీ. ప్రమాణం కూడా దైవసాక్షిగా చేయొచ్చు, దేవుడి పేరు వద్దనుకుంటే లేకుండానూ చేయొచ్చు.

నా బాధంతా మొక్కు దగ్గరే. 2016 అక్టోబరులో మన భద్రకాళి అమ్మవారికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పదకొండు కిలోలకు పైగా బంగారంతో కిరీటం పెట్టారు, గుర్తుందా? 2017 ఫిబ్రవరిలో తిరుమలకు ఐదు కోట్లు దాటిన నగలు, ఆ వారంలోనే మన కురవి వీరభద్రస్వామికి బంగారు మీసాలు. తెలంగాణ వస్తే ఇస్తానని మొక్కుకున్నారు. ఆయన భక్తిని నేను అనుమానించను. కానీ మొక్కింది ఆయన, పైసలు సర్కారువి!

అవి పన్నుల సొమ్ము కాదు, దేవాదాయ శాఖ కామన్ గుడ్ ఫండ్ అని కొందరంటారు. అయితే మాత్రం? గుళ్ల ఆదాయంలోంచి తీసి పోగేసే నిధి అది, దీపంలో నూనెకు కూడా దిక్కులేని ఊరి గుళ్లకు అందాల్సింది.

1951లో సోమనాథ్ గుడి ప్రతిష్ఠకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ పోతానంటే నెహ్రూ వద్దన్నారు, అయినా ఆయన పోయారు. ఆ వాదన ఇంకా తెగలేదు. కానీ ఆ గుడి కట్టింది జనం చందాలతో, ఖజానా సొమ్ము ముట్టొద్దని గాంధీ ముందే చెప్పారు.

మరి మేడారం జాతరకు సర్కారు ఖర్చు పెట్టట్లేదా అని మామ పట్టుకున్నారు. పెట్టాలి మామా, లక్షల మంది అడవిలోకి వస్తుంటే రోడ్డు, నీళ్లు, బస్సులు, డాక్టర్లు ఎవరు చూడాలి? అది జనం కోసం చేసే పని, ఎవరి సొంత మొక్కూ కాదు. అక్కడ మొక్కు ఎట్లా తీరుస్తారో మీకూ తెలుసు. 2024 జాతరకు తమ్ముడి జ్వరం తగ్గిందని మా అమ్మ వాడి ఎత్తు బంగారం ఇచ్చింది, అంటే వాడి బరువుకు సరితూగే బెల్లం. పత్తి ఏరిన కూలి పైసలు కొంగు ముడి విప్పి, తూకం కాడ తనే లెక్కపెట్టి ఇచ్చింది. అప్పు ఇస్తానని పక్కింటావిడ అంటే కూడా తీసుకోలేదు.