బైనాక్యులర్‌ను బీరువాలో బంధించకండి

సభాధ్యక్షులకు, వేదికమీది పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, చిరంజీవులైన విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. అమ్రాబాద్ అడవికి పక్షులను చూడడానికి వెళ్లబోతున్న పిల్లలకు బైనాక్యులర్లు అందజేస్తున్న ఈ సందర్భంలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. పక్షుల గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఇక్కడే ఉన్నారు గనుక, జీవితమంతా భౌతికశాస్త్రం బోధించినవాడిగా నేను ఆ పరికరం గురించి, అందులోనూ దాని అద్దాల గురించి మాత్రమే మాట్లాడతాను.

పిల్లలూ, మీ చేతిలోని బైనాక్యులర్‌ను కొంచెం వంచి, ముందువైపు పెద్ద అద్దాల మీద వెలుతురు పడేటట్లు చూడండి. ఊదాగానో ఆకుపచ్చగానో ఒక ఛాయ కనిపిస్తుంది. అది గాజు రంగు కాదు, గాజుమీద వేసిన పూత. పూత లేని గాజు తనమీద పడిన వెలుతురులో సుమారు 4 శాతాన్ని ప్రతి ఉపరితలం దగ్గరా వెనక్కి పంపేస్తుంది. కటకాలూ పట్టకాలూ కలిపి అటువంటి ఉపరితలాలు 10 ఉన్నాయనుకుంటే, కంటికి చేరకముందే మూడో వంతు వెలుతురు పోయినట్టే. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా ఈ నష్టాన్ని తగ్గించే పూతను రూపొందించాడు. దాని మందం మిల్లీమీటరులో సుమారు 10,000వ వంతు. మనం చొక్కా అంచుతో, చీర కొంగుతో రుద్దేది ఆ పూతనే.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాలు ఎక్కువగా గ్రానైటు రాతి మీద ఉన్నాయి. ఆ రాయి అరిగి అరిగి మన చెలకలు ఏర్పడ్డాయి. అందుకే ఇక్కడి దుమ్ములో పలుగురాయి రేణువులు ఎక్కువ. మోస్ కాఠిన్య మానంలో పలుగురాయిది 7, మామూలు గాజుది 5.5 దగ్గర. దుమ్ము పట్టిన అద్దాన్ని గుడ్డతో రుద్దితే ఏది అరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. తూర్పారబట్టని వడ్లను ఎవరూ దంచరు కదా, అద్దం కూడా అంతే. ముందు దుమ్ము ఎగిరిపోవాలి. అద్దం నేలవైపు చూసేటట్లు పట్టుకొని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. అప్పటికీ వదలని దుమ్మును మెత్తని కుంచెతో తేలికగా తీయండి. చెమట, వేలిముద్ర, కనురెప్పల జిడ్డు ఉంటేనే ఆ తరువాత గుడ్డ అవసరం. లెన్సు ద్రావణాన్ని అద్దం మీద కాకుండా మైక్రోఫైబర్ గుడ్డమీద ఒక చుక్క వేసి, అద్దం మధ్యనుంచి అంచువైపు, అదమకుండా, గుండ్రంగా తుడవాలి. కొంచెం దుమ్ము ఉన్నంతమాత్రాన చూపు చెడదు. రోజూ తుడవడం వల్లనే చెడుతుంది.

పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. కరెంటు తీగమీద కూర్చున్నప్పుడు గోధుమరంగు పిట్టలాగే ఉంటుంది. రెక్క విప్పినప్పుడు ముదురు నీలం, లేత నీలం పట్టీలు బయటపడతాయి. గీతలు పడిన అద్దంలోంచి చూసిన పిల్లవాడికి ఆ రెండు నీలాల తేడా తెలియదు, అంతా మసకగా కనిపిస్తుంది. దసరానాడు పాలపిట్టను చూడాలని ఊరంతా పొలిమేర దాటి వెళ్లే ప్రాంతం మనది!

ఇక ఇక్కడికి వచ్చిన ప్రధానోపాధ్యాయులకు ఒక మాట విన్నవించక తప్పదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పాఠశాలకు, ఆ ఊరివాడే ఒకాయన మంచి బైనాక్యులర్‌ను కానుకగా ఇచ్చాడు. దానిని స్టాకు రిజిస్టరులో రాసి, తోలు సంచితో సహా ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏటేటా తనిఖీకి వచ్చినవారు ‘ఉన్నది’ అని సంతకం చేసి వెళ్లారు. పిల్లలకు చూపించండని నేను పట్టుబట్టి తీయించిన రోజున, సంచి విప్పగానే తడి తోలు వాసన గుప్పుమన్నది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే లోపలి పట్టకం మీద సన్నని తెల్లని పోగులు అంచునుంచి మధ్యదాకా పాకి ఉన్నాయి. అది బూజు. అది వదిలే ఆమ్లాలు పూతను, ఆ తరువాత గాజును కూడా తినేస్తాయి. బూజు తీసినా ఆ మచ్చ పోదు. ఆ ఊరి పిల్లల్లో ఒక్కరు కూడా దానిలోంచి ఒక్క పిట్టను చూడలేదు. పోయిన పరికరం కన్న, ఆ పిల్లలు చూడలేకపోయినది తలచుకుంటేనే నాకు ఈనాటికీ కడుపు మండుతుంది.

మనది మెట్ట ప్రాంతం, బూజు ఎక్కడిదని అడుగుతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మూసిన బీరువాలో గాలి కదలదు, తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది, బూజుకు అంతకన్న ఏం కావాలి? గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో పెట్టండి. నీలిరంగు గుళికలు గులాబీరంగుకు మారితే అవి తేమను పీల్చుకున్నాయని గుర్తు. వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు. అన్నిటికన్న ముఖ్యం, వారానికొకసారైనా బయటికి తీసి పిల్లల చేతికివ్వండి. పగిలిపోతుందేమోనని భయపడకండి, ఇచ్చేటప్పుడు ముందుగా పట్టీని పిల్లవాడి మెడలో వేసి, ఆ తరువాతే చేతికందించండి.

బైనాక్యులర్ కిందపడ్డాక ఒకే పిట్ట రెండుగా కనిపిస్తే పట్టకం కదిలిందన్నమాట. మరలు విప్పకండి, రెండు గొట్టాల చూపును తిరిగి కలపడానికి పరికరాలున్న నిపుణులే కావాలి. ఎండలో నిలిపిన కారులో వదలకండి, లోపలి గ్రీజు కరిగి పాకుతుంది. సూర్యునివైపు మాత్రం ఎన్నడూ, ఎవరూ, ఒక్క క్షణమైనా తిప్పకండి, చూపే పోతుంది.

ఈ బల్లమీద రెండు బైనాక్యులర్లు, బ్లోయర్, కుంచె, గుడ్డ పెట్టించాను. వరండాలో కుళాయి ఉన్నది. చేతులు కడుక్కొని, బాగా ఆరనిచ్చి, నలుగురు నలుగురుగా రండి, ప్రతి ఒక్కరిచేతా చేయిస్తాను. ప్రధానోపాధ్యాయులు మీ బీరువాలలో ఉన్నవాటిని వచ్చే సమావేశానికి తీసుకురండి, టార్చి వేసి కలిసి చూద్దాం.