నెట్ పోయి వస్తోందా? ముందు గడియారం చూడండి

తెరపై: పెద వాల్తేరులో ఒక అపార్ట్‌మెంట్ హాలు. టీవీలో సీరియల్ ఆగిపోయి చక్రం తిరుగుతోంది. గోడ గడియారంలో సాయంత్రం 6:40.

మా పెద్దమ్మ విశాఖ పెద వాల్తేరులో ఉంటుంది. నిరుడు వేసవి అంతా సాయంత్రం పూట ఆవిడ నుంచి ఒకటే ఫోను. "నాన్నా, మళ్లీ పోయిందిరా!" ఏం పోయిందో విడిగా చెప్పనక్కరలేదు. నేను నోరు తెరిచేలోపే "ఉండు ఉండు, వచ్చేసింది" అని పెట్టేసేది. టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఉదయం పదకొండింటికే వచ్చాడు. ఆ వేళకు నెట్ నిక్షేపంలా ఉండేది. బాక్సు ఒకసారి ఆపి, మళ్లీ వేసి, "ఇప్పుడు బాగుందమ్మా" అని వెళ్లిపోయేవాడు. అతన్ని తప్పుపట్టను. జ్వరం తగ్గాక రోగిని చూస్తే ఏ వైద్యుడికైనా ఏం దొరుకుతుంది?

ఈ వీడియో అలాంటి నెట్ గురించే. పూర్తిగా పోయిన నెట్‌తో పెద్ద బాధ లేదు. కంప్లైంట్ ఇస్తాం, వస్తారు, తెగిన వైరు అతికిస్తారు. పోయి, తనంతట తానే వచ్చేసే నెట్టే మనిషిని సాధిస్తుంది. మొన్న 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. సముద్రం అడుగు నుంచి కేబుళ్లు మన తీరానికే వచ్చి చేరతాయన్నారు. సంతోషమే. మా పెద్దమ్మకు మాత్రం హాలులోని టీవీ దాకా వస్తే చాలు.

తెరపై: గీసిన బొమ్మ. ఫోను, రౌటర్, గోడలోంచి వచ్చే ఫైబర్ వైరు, వీధి స్తంభం మీది డబ్బా, కంపెనీ గది. ఒక్కొక్క భాగం వెలుగుతుంది.

నెట్ పోయిందని మనం అనే మాటలో నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. ఫోనుకూ రౌటర్‌కూ మధ్య వైఫై తెగవచ్చు. రౌటర్‌కు కరెంటు తడబడవచ్చు. గోడ నుంచి స్తంభం దాకా ఫైబర్‌లో కాంతి సన్నగిల్లవచ్చు. అన్నీ బాగుండి కూడా కంపెనీ వైపు మన ఖాతా లాగిన్ తెగిపోవచ్చు. ఎందుకు పోతోందని అప్పుడే తల బద్దలు కొట్టుకోకండి. ఎక్కడ పోతోంది, ఎప్పుడు పోతోంది అన్నవి తేలితే కారణం దానంతట అదే బయటపడుతుంది.

అందుకు కావలసింది ఒక కాగితం, ఒక పెన్ను. కాగితాన్ని రౌటర్ బాక్సు పక్కన గోడకు అతికించండి. పోయిన ప్రతిసారీ మూడు సంగతులు రాయండి. సమయం ఎంత, బాక్సు మీద లైట్లు ఎలా ఉన్నాయి, ఇంట్లో అందరికీ పోయిందా ఒక్కరికేనా. వెంటనే రాయాలి. రాత్రి పడుకునే ముందు గుర్తు చేసుకుని రాస్తే అది పనికిరాదు. ఇంకొక మాట: పోగానే పరుగెత్తుకెళ్లి స్విచ్ ఆపకండి. స్విచ్ ఆపితే ఆనవాళ్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

పెద్దమ్మ పాల లెక్క పుస్తకం చివరి పేజీలో రాసింది. అది ఇదిగో.

తెరపై: చేతిరాతతో ఉన్న పేజీ. "సోమ 6:40, లైట్లన్నీ ఆరి ఒక్కొక్కటే వచ్చాయి. మంగళ 6:35, అంతే. బుధ 6:45, అంతే. ట్యూబులైటు కూడా ఒకసారి మినుకుమంది."

ఆ చివరి వాక్యం చదవగానే నాకు నవ్వొచ్చింది. సాయంత్రం ఆ వేళకే కింద వాచ్‌మన్ నీళ్ల మోటారు వేస్తాడు. మోటారు మొదలైన క్షణంలో అది లాగే కరెంటు మామూలుగా తిరిగేటప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఆ క్షణం ఇంట్లో వోల్టేజీ కిందికి జారుతుంది. ఫ్యాను, ట్యూబులైటు ఒకసారి ఉలిక్కిపడి సర్దుకుంటాయి. రౌటర్‌కు కరెంటు ఇచ్చే అడాప్టర్ ఆరోగ్యంగా ఉంటే ఆ కుదుపును తట్టుకుంటుంది, ఎందుకంటే దాని లోపల ఉండే కెపాసిటర్లు ఆ కాస్త సమయానికి సరిపడా కరెంటును నిల్వ ఉంచుకుంటాయి. కానీ ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు వేడెక్కుతూ ఉండేసరికి ఆ కెపాసిటర్లు ఎండిపోతాయి. అప్పుడు చిన్న కుదుపుకే రౌటర్ ఆరిపోతుంది. ఆరిన రౌటర్ మళ్లీ లేచి, ఫైబర్‌తో మాట కలిపి, లాగిన్ అయ్యేసరికి రెండు మూడు నిమిషాలు. పెద్దమ్మ నాకు ఫోను చేసి పెట్టేసే సమయం సరిగ్గా అంతే.

రౌటర్ మాట రౌటర్‌నే అడిగి కూడా తేల్చుకోవచ్చు. ఫోను బ్రౌజర్‌లో 192.168.1.1 అని గానీ, 192.168.0.1 అని గానీ కొట్టండి. సరైన అంకెలు, పాస్‌వర్డు బాక్సు అడుగున ఉన్న స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల స్టేటస్ పేజీలో అప్‌టైమ్ అని కనిపిస్తుంది. బాక్సు ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో ఆ లెక్క. నెట్ పోయి వచ్చిన తరువాత అది మళ్లీ సున్నా నుంచి మొదలైతే జబ్బు కరెంటుది, లేదా బాక్సుది. అప్‌టైమ్ పది రోజులని చూపిస్తూ, కనెక్షన్ సమయం మాత్రమే ఐదు నిమిషాలంటే బాక్సు నిర్దోషి. తెగింది బయట.

పెద్దమ్మ బాక్సు అప్‌టైమ్ ప్రతి సాయంత్రం సున్నా. అడాప్టర్ మార్చాం, అయిపోయింది. మార్చేవారికి ఒక జాగ్రత్త. పాతదాని మీద 12 వోల్టులని ఉంటే కొత్తదీ 12 వోల్టులే ఉండాలి. ఆంపియర్లు మాత్రం అంతే గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండవచ్చు. 1 ఆంపియర్ అడిగే బాక్సుకు 2 ఆంపియర్లది పెడితే నష్టం లేదు, బాక్సు తనకు కావలసినంతే తీసుకుంటుంది. పిన్ను లావు, ప్లస్ మైనస్ గుర్తులు కూడా సరిపోవాలి. వోల్టేజీ ఊగిసలాడే వీధుల్లో రౌటర్లకని అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయినప్పుడల్లా బాక్సు ఆరిపోతోందంటే ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూడండి. ఉంటే అటు తిప్పండి.

తెరపై: ఫైబర్ బాక్సు ముందుభాగం దగ్గరగా. ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు మినుకుమంటోంది.

ఇక ఎర్ర లైటు. బాక్సు మీద పాన్ (PON) అన్న చోట పచ్చ లైటు నిలకడగా వెలగాలి, ఎల్ఓఎస్ (LOS) అన్న చోట ఏమీ వెలగకూడదు. అక్కడ ఎరుపు కనిపించిందంటే బాక్సుకు కాంతి చేరడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను పదిసార్లు ఆపి వేసినా ఒరిగేదేమీ ఉండదు.

ఫైబర్ అంటే వెంట్రుక మందాన ఉండే గాజు పోగు. స్తంభం మీది డబ్బా నుంచి వచ్చే ఒకే కాంతిని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. మన వాటాకు వచ్చేదే కొసరు వెలుగు. స్టేటస్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ (Rx Power) అని మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది, చూడండి. బాక్సుకు చేరుతున్న కాంతి ఎంతో చెప్పే లెక్క అది. మైనస్ 20 అంటే ఒక మిల్లీవాటులో నూరో వంతు. అక్కడి నుంచి మూడు అంకెలు కిందికి దిగితే, అంటే మైనస్ 23 అయితే, కాంతి సగమైనట్టు. ఇళ్లలో వాడే మామూలు బాక్సులకు మైనస్ 27 చివరి మెట్టు. మైనస్ 26 దగ్గర వేలాడుతున్న ఇంటికి గాలి వీచినా నెట్ పోతుంది, ఎండకు వైరు సాగినా పోతుంది. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఆ అంకె కాగితం మీద రాయండి. నిలకడగా లేకుండా ఊగుతుంటే ఎక్కడో జాయింటు వదులైంది, లేదా వైరు మడత పడింది.

మడత ఇంట్లోనే ఉండవచ్చు. టీవీ బల్ల వెనుక మిగిలిన వైరును అందంగా కనిపించాలని చిన్న చుట్టగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పెడతారు. గాజులోని కాంతి మలుపు బాగా ఇరుకైతే తిరగలేదు, పక్కకు కారిపోతుంది. టీ గ్లాసు మూతి కంటే చిన్న చుట్ట చుట్టకండి. బాక్సులో దిగే ఆకుపచ్చ కొనను ఊరికే లాగి పెట్టడం, చొక్కా అంచుతో తుడవడం వద్దు. ఆకుపచ్చది ఏటవాలుగా అరగదీసిన కొన, నీలం రంగుది తిన్ననిది. ఒకదాంట్లో ఒకటి పెడితే సరిగా అతకవు, కాంతి పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ కొనను కంటికి దగ్గరగా పెట్టి లోపల ఏముందా అని చూడవద్దు. అది లేజర్. పైగా కంటికి కనిపించని కాంతి కాబట్టి ఏమీ లేదనే అనిపిస్తుంది.

బయటి మడతలు మన చేతిలో లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాలూ వైర్లూ కలిసి నేలమీద పడుకోవడం చూసిన ఊరు మనది. ఆ తరువాత నగరంలో కొన్నిచోట్ల కరెంటు తీగలు భూమిలోకి దిగాయి. నెట్ వైర్లు మాత్రం చాలా వీధుల్లో ఇప్పటికీ స్తంభం నుంచి కొబ్బరిచెట్టుకు, చెట్టు నుంచి పిట్టగోడకు ఊయలలూగుతూ వస్తాయి. చెట్ల కొమ్మలు కొట్టిన మరునాడు, వినాయకుడి ఊరేగింపు వెళ్లిన మరునాడు మీ నెట్ కుంటడం మొదలైతే, ఆ సంగతి కూడా కాగితం మీద రాయండి. స్తంభం ఎక్కేవాడికి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

తెరపై: లాసన్స్ బే కాలనీలో ఒక మేడ మీద తుప్పు పట్టిన డబ్బా. లోపల నీలం రంగు కేబుళ్లు.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు మరో తంటా. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ మేడ దాకానో, మెట్ల దాకానో వచ్చి ఆగుతుంది. అక్కడి నుంచి ఇంటికి వచ్చేది రాగి ల్యాన్ కేబుల్. గాజుకు తుప్పు పట్టదు గానీ రాగికి పడుతుంది. కిటికీ ఊచలకు ఏడాదికోసారి రంగు వేయించే వారికి ఉప్పుగాలి గురించి నేను చెప్పాలా? కేబుల్ కొనలోని సన్నని రేకుల మీద పచ్చగా చిలుము చేరుతుంది. ఆ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. అన్నీ బాగుంటేనే గిగాబిట్ వేగం. కొన్ని చెడితే కనెక్షన్ నాలుగు తీగలతోనే నెట్టుకొస్తూ 100 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. మీరు 200 ప్లాను కడుతుంటే, వేగం ఎప్పుడు కొలిచినా 95 దాటకపోతే, ముందు ఆ కొన కోసి కొత్తది వేయించండి. పెద్ద ఖర్చు కాదు.

తెరపై: పడకగది. స్టీలు బీరువా వెనుక నుంచి రౌటర్ యాంటెన్నా తొంగి చూస్తోంది.

లైట్లన్నీ పచ్చగా ఉండి, హాలులో బాగుండి, లోపలి గదిలో మాత్రమే పోతుంటే అది వైఫై సంగతి. తేల్చుకోవడం సులువు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. నల్లని కమాండ్ కిటికీలు రెండు తెరవండి. ఒకదాంట్లో పింగ్ (ping) అని రౌటర్ అంకెలు, రెండోదాంట్లో పింగ్ అని 8.8.8.8 కొట్టండి. పింగ్ అంటే అవతలివైపు నుంచి జవాబు వస్తోందా అని పదేపదే అడగడం. 8.8.8.8 బయట ఉన్న గూగుల్ సర్వర్ చిరునామా. విండోస్‌లో చివర హైఫన్ టీ (-t) చేర్చితే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. రెండోది మాత్రమే ఆగితే తప్పు బయట. కేబుల్ తీసి వైఫై మీద చేసినప్పుడు మొదటిది కూడా ఆగితే తప్పు ఇంట్లో. రెండూ నడుస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ గొడవ, అంటే సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే ఏర్పాటు పని చేయడం లేదు. రౌటర్‌లో డీఎన్ఎస్ అన్నచోట 1.1.1.1 పెట్టి చూడండి.

వైఫైకి ప్రథమ శత్రువు బీరువా. స్టీలు రేకు దాటి సంకేతం రాదు. బాక్సును బీరువా వెనుక నుంచి, టీవీ కప్‌బోర్డులోంచి బయటకు తీసి, భుజం ఎత్తులో, ఇంటి నడుమ పెట్టండి. ఈ ఒక్క పనికి ఇల్లాలి అనుమతి అవసరం పడవచ్చు, అందులో నేను సాయం చేయలేను. అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఇరవై రౌటర్లు ఉంటే రౌటర్ సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. ఒకదానిమీద ఒకటి పడనివి ఆ మూడే. మైక్రోవేవ్ కూడా ఆ 2.4 దగ్గరే పని చేస్తుంది కనుక అన్నం వేడి చేసినప్పుడు నెట్ నత్తనడక నడిస్తే ఆశ్చర్యపోకండి.

వైఫైకి ఉన్న రెండో దారి 5 గిగాహెర్ట్జ్‌లో విశాఖవాసులు గమనించవలసిన విషయం ఒకటుంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ వినిపించిందని రౌటర్‌కు అనుమానం వస్తే చాలు, ఆ ఛానెల్ ఖాళీ చేసి తప్పుకోవాలన్నది నియమం. ఆ తరహా కొత్త ఛానెల్‌కు వెళ్లాలంటే కనీసం 60 సెకన్లు చెవి పెట్టి వినాలి. మన దగ్గర తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది, రేవు ఉంది, నౌకాదళ విమాన స్థావరం ఉంది. అందుకే ఛానెల్‌ను ఆటోలో వదలకుండా 36కో 149కో మార్చేయండి. నిమిషం పాటు పోయి వచ్చే వైఫై చాలాసార్లు దీంతో కుదుటపడుతుంది.

ఒక్క ఫోనుకే పోతుంటే ఆ ఫోనులో నెట్‌వర్క్‌ను మరిచిపో అని నొక్కి మళ్లీ కలపండి. ఒక్క ల్యాప్‌టాప్‌కే పోతుంటే అందులో వైఫై కార్డును పవర్ ఆదా కోసం ఆపే ఏర్పాటును తీసేయండి. దానికి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

తెరపై: ఫోను పట్టుకున్న చెయ్యి, ఎదురుగా గోడ మీద కాగితం.

ఇప్పుడు కంపెనీకి ఫోను చేయండి. "నెట్ రావడం లేదండి" అనకండి. అలా అంటే అటు నుంచి వచ్చే మొదటి మాట రౌటర్ ఒకసారి ఆపి వేయమనే. ఇలా చెప్పండి: "నాలుగు రోజుల్లో ఆరుసార్లు పోయింది, సమయాలు రాసి ఉంచాను. పోయిన ప్రతిసారీ ఎల్ఓఎస్ ఎర్రగా మినుకుమంటోంది. ఆర్ఎక్స్ పవర్ ఉదయం మైనస్ 22, రాత్రి మైనస్ 27. బాక్సు అప్‌టైమ్ తెగలేదు." ఇది విన్నవారు స్తంభం దగ్గరికి మనిషిని పంపకుండా ఉండటం కష్టం. డాకెట్ నంబరు, అంటే మీ ఫిర్యాదు నంబరు, అడిగి తీసుకోండి, అది ఇవ్వడం వారి విధి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన రెండంచెల పద్ధతి అది. అక్కడికి వెళ్లాలన్నా ఆ నంబరే కావాలి.

టెక్నీషియన్‌కు సమయం మీరే చెప్పండి. ఉదయం పదకొండింటికి వస్తానంటే వద్దనండి. "సాయంత్రం ఆరున్నరకు రా తమ్ముడూ" అనండి. టీ ఇచ్చి కూర్చోబెట్టండి, 6:40 అయ్యేదాకా.