రాత్రి బడి, పొదుపు పుస్తకం

(కావలిలో గ్రామ నాయకుల శిక్షణ మొదటి రోజున చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

కలిగిరి, వింజమూరు వైపు నుంచి పొదుపు సంఘాలకు తోడుండే సంఘమిత్రలు వచ్చారు. కావలి కాలువ చివరి ఊళ్ల రైతులు వచ్చారు. తుమ్మలపెంట తీరం నుంచి కాపులు, అంటే మత్స్యకారుల పెద్దలు, కనిగిరి మెట్ట నుంచి సర్పంచులు వచ్చారు. మామూలుగా మీరంతా ఒకచోట కూర్చోరు. పొదుపు వాళ్లను ఒక శాఖ పిలుస్తుంది, నీటి సంఘాన్ని ఇంకో శాఖ, మత్స్యకారుల్ని మరో శాఖ. అందుకే ఒక ఊరు కనిపెట్టిన ఉపాయం పక్క ఊరికి చేరదు. ఈ శిక్షణ పెట్టింది ఆ అడ్డు తీసేయడానికే.

సామాజిక ఆవిష్కరణ అంటే ఏమిటో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంట చాలు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అంతటా అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో కూర్చున్నారు. వాచకంలో ఉన్నవి వాళ్ల బతుకులే: కూలి డబ్బు ఎటు పోతోంది, ఇంట్లో తన్నులు ఎందుకు, ఊళ్లోకి నీళ్లు రావు గానీ సారా ఎలా వస్తోంది? పాఠం చదివాక దాని మీద మాట్లాడుకునేవాళ్లు. అక్షరాలు నేర్పడం ఒక పని, మాట్లాడుకోనివ్వడం ఇంకో పని. రెండోది లేకపోతే మొదటిది సంతకంతో ఆగిపోయేదని నా నమ్మకం.

వర్ధినేని రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ కథే మళ్లీ వాచకంలో పాఠమై ఇతర ఊళ్ల రాత్రి బడులకు వెళ్లింది. నేను మిమ్మల్ని గట్టిగా పట్టుకోమనేది ఈ మలుపునే. ఒక ఊరి అనుభవం వెంటనే మరో ఊరికి పాఠమైంది. చదివిన వాళ్లు, ‘వాళ్లూ మనలాంటి కూలోళ్లే కదా, వాళ్లు చేసింది మనమెందుకు చేయలేం’ అనుకున్నారు. 1992లో జిల్లాలో సారా అమ్మే హక్కు కోసం ప్రభుత్వం పెట్టే వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. కానీ ఆ కాలం నుంచి నిలిచింది ఒకటుంది. సారా పోరాటం తర్వాత అదే నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. దాన్నే పొదుపులక్ష్మి అన్నాం. నిషేధాన్ని పైవాళ్లు ఒక నిర్ణయంతో ఎత్తేయగలరు. క్రమం తప్పకుండా కూర్చుని, పుస్తకంలో లెక్క రాసి, అప్పు ఎవరికివ్వాలో నలుగురి ముందు తేల్చుకునే అలవాటు పై నుంచి ఎత్తేస్తే పోదు. పోరాటం కలెక్టరాఫీసు దాకా తీసుకెళ్లింది. ఆ తర్వాత ఇన్నేళ్లూ నడిపించింది సంఘం మీటింగు, ఆ పుస్తకం.

మనం ఇక్కడ చేయబోయేదీ అదే. ఉపన్యాసం, ప్రొజెక్టరు, బ్యాగు, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్‌తో ముగిసే శిక్షణలు మీరు చాలా చూశారు. ఊరికి వెళ్లాక ఏం చేశారని అడిగే మనిషే ఉండడు. అలా అడిగే మనిషి మీలోనే ఒకరు కావాలి.

కనిగిరి సర్పంచులకు చెప్తున్నాను. ‘ఫ్లోరైడ్ సమస్య ఉంది’ అని రాసుకుని రావద్దు, అది అందరికీ తెలుసు. ఊళ్లో ఏ బోరు నీళ్లలో ఎంత ఉందో తెలుసా? లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేని చోట 1.5 దాటకూడదు. పక్కపక్క బోర్లలోనూ తేడా ఉంటుంది. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైపోయే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి తెలియక పిల్లలకు కాచి పోసి ధైర్యంగా ఉన్న తల్లులున్నారు. టెస్ట్ కిట్ వాడటం సంఘమిత్రలకు మధ్యాహ్నం నేర్పిస్తారు. ప్రతి బోరుకూ కొలిచి, అంకె గోడ మీద రంగుతో రాయండి. తాగే నీళ్లు ఎక్కడ పట్టుకోవాలో, వాడకానికి ఎక్కడ పట్టుకోవాలో ఊరే తేల్చుకుంటుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజనీరు దగ్గరికి అర్జీ పట్టుకెళ్లే కంటే ఆ అంకెల పట్టిక పట్టుకెళ్లడం బలం.

కాలువ చివరి రైతులకు వంతు గొడవ ఉంది. కాలువకు నీళ్లు వదిలే లస్కరుతో తగువు పడటం కాదు, ఏ రోజు ఏ తూముకు ఎన్ని గంటలు నీళ్లు వచ్చాయో రాయండి. రాయడానికి పొదుపు సంఘంలో పుస్తకం నడిపే ఆడమనిషిని తోడు తీసుకోండి, ఆమెకు మనకంటే బాగా వచ్చు. పై తూముల రైతుల్నీ ఆ లెక్క ముందు కూర్చోబెట్టండి. తీరం వాళ్ల సంగతి వాళ్లే చెప్పాలి, నేను చెబితే బాగుండదు.

పని చిన్నదిగా ఉండాలి, ఒక్క ఊళ్లోనే మొదలుపెట్టాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో వచ్చే నెల ఇక్కడికొచ్చి చెప్పాలి. అది విన్నవాళ్లు తమ ఊళ్లో అదే చోట జాగ్రత్తపడతారు.

ఇప్పుడు టీ ఉంది. తాగొచ్చాక మీ మండలం వాళ్ల పక్కన కూర్చోవద్దు. కనిగిరి అన్న తుమ్మలపెంట పెద్దాయన పక్కన, సంఘమిత్ర అక్క కాలువ రైతు పక్కన కూర్చోండి. ఒకరి ఊరి చిక్కు ఇంకొకరు అడిగి రాయండి.