సాక్సోఫోన్ మౌత్‌పీస్ పగలకుండా దారం కట్టు వేయడం ఎలా?

నమస్తే అండీ. పెళ్లిళ్ల సీజన్ మొదలైంది, వైజాగ్‌లో మేళం వాళ్లకి ఖాళీ లేదు. సీజన్ వచ్చిందంటే నా బల్ల మీదకి ఇలాంటివి వరసగా వచ్చేస్తాయి. ఇదిగో, ఈ మౌత్‌పీస్ చూడండి. ఆల్టో రకం సాక్సోఫోన్‌ది, ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసింది. పైకి బాగానే ఉంది కదా? ఇప్పుడు వెనక చివర చూపిస్తాను, నెక్ మీదకి, అంటే సాక్సోఫోన్ పైన వంగి ఉండే గొట్టం మీదకి ఎక్కే చివర. టార్చ్ వేస్తున్నా. ఏమీ కనిపించట్లేదా? ఆగండి, తడి వేలితో ఒకసారి రాసి గుడ్డతో తుడుస్తాను. ఆ, ఇప్పుడు చూడండి, సన్నటి నల్ల గీత. పైన తడి పోయినా ఆ గీతలో నీళ్లు ఉండిపోయాయి. అదే పగులు.

ఎప్పుడూ ఈ చివరే ఎందుకు పగులుతుందంటే, నెక్‌కి చుట్టి ఉన్న కార్క్ పట్టీ లోపల నుంచి తోస్తుంది కాబట్టి. కట్టెలు కొట్టేవాళ్లు నెర్రెలో ఇనప మేకు దింపుతారు చూడండి, లావుగా ఉన్న కార్క్ అదే పని చేస్తుంది. పైగా మనవాళ్లు శ్రుతి కలపడానికి మౌత్‌పీస్‌ని కొంచెం లోపలికి, కొంచెం బయటికి జరుపుతూనే ఉంటారు. పొడి కార్క్ మీద బలంగా మెలితిప్పిన ప్రతిసారీ ఆ దెబ్బ ఈ అంచు మీదే పడుతుంది. అందుకే ముందు కార్క్ సంగతి చూడాలి. కట్టు తర్వాత. కార్క్ అలాగే వదిలేసి ఎంత గట్టి కట్టు వేసినా, పగులు కట్టు పక్కనుంచి మళ్లీ బయల్దేరుతుంది.

కార్క్ పని తేలికే. 320 నంబరు గరుకు కాగితం, అంగుళం వెడల్పు ముక్క. బూట్లకి పాలిష్ కొట్టినట్టు అటూ ఇటూ లాగుతూ, నెక్ తిప్పుతూ ఉండండి. నాలుగు లాగులకొకసారి మౌత్‌పీస్ ఎక్కించి చూడండి. చేత్తో నెమ్మదిగా నెడితే ఎక్కాలి, ఎక్కాక ఊగకూడదు. అంతే. ఇక కార్క్ గ్రీజు. లిప్‌స్టిక్ లాంటి చిన్న ట్యూబులో వస్తుంది, ఒకటి కొంటే చాలా రోజులు వస్తుంది. కొబ్బరినూనె మాత్రం రాయకండి, అది లోపలికి ఇంకిపోతుంది, పైన జారుడు మిగలదు.

ఇప్పుడు పగులు. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న రంధ్రం, మిల్లీమీటరు కన్నా తక్కువ, చేత్తో తిప్పే సన్న డ్రిల్లుతో. మిషన్ వద్దు. ఆ గుండ్రటి రంధ్రం దగ్గర పగులు ఆగిపోతుంది, ముందుకి పాకదు. చూస్తున్నారు కదా, నల్లటి పొడి వస్తోంది. ఆ పొడి పారేయకండి, కాగితం మీద దాచండి, చివర్లో రంధ్రం పూడ్చడానికి అదే పనికొస్తుంది.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం. జిగురు. నీళ్లలా పల్చగా ఉండే సూపర్ గ్లూ. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను ట్యూబుని తిన్నగా పగులు మీద పెట్టి నొక్కాను. అది మా గురువుగారి మౌత్‌పీస్. గుండ్రంగా ఉంటుంది కదా అని నెక్ మీదే ఉంచి చేశాను. జిగురు పగులులోంచి లోపలికి కారి, కార్క్‌ని పట్టేసింది. సాయంత్రం తీద్దామంటే రాదు. కార్క్ మొత్తం బ్లేడుతో కోసి తీయాల్సి వచ్చింది. లోపల గట్టిపడిన జిగురు గీరడానికి రెండు రోజులు పట్టింది. గురువుగారు ఒక్క మాట అనలేదు. ఆ రెండు రోజులు ఆయన అరువు మౌత్‌పీస్‌తో వాయించారు, అది నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని ఇలా చేయండి. మౌత్‌పీస్ నెక్ మీద ఉండకూడదు. రబ్బరు బ్యాండు వేసి పగులు మూసుకునేలా చూడండి. ఇప్పుడు పగులు ఉన్న వైపు నేలకేసి తిప్పండి. అవును, కిందకే. గుండుసూది మొన మీద ఒక్క బొట్టు తీసుకుని, కింద నుంచి పగులుకి ఆనించండి. చూడండి, చూడండి, అదే పైకి పీల్చుకుంటోంది! దీపం ఒత్తి నూనె పీల్చుకున్నట్టు. ఎక్కువైతే బొట్టు బయటికే వేలాడుతుంది, లోపలికి పోదు. తుడిచేయండి. ఒక నిమిషం ఆగి ఇంకో బొట్టు. మళ్లీ ఇంకోటి. మూడు చాలు. తర్వాత పొడిపొడి ఇయర్ బడ్ లోపల ఒకసారి తిప్పండి, తడి తగిలితే అప్పుడే తీసేయొచ్చు. ఆఖరికి ఆ నల్ల పొడి రంధ్రంలో నింపి, పైన ఒక బొట్టు. ఆరాక నున్నగా రుద్దేయడమే.

పగలని మౌత్‌పీస్‌కి ముందుజాగ్రత్తగా కట్టు వేసేవాళ్లు కార్క్ సరిచేసి, తిన్నగా ఇక్కడికి వచ్చేయండి.

చివర నుంచి ఒక 12 మిల్లీమీటర్ల మేర గరుకు చేయాలి. తడి కాగితంతో రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. ఎబొనైట్ అంటే గంధకంతో ఉడికించిన రబ్బరు, ఆ పొడి పీల్చకూడదు. రుద్దుతుంటే వాసన మీకే తెలుస్తుంది.

దారం, నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర వల దారం అమ్మే షాపులో కొంటాను. సన్న నైలాన్, పురి గట్టిగా ఉంటుంది. కుట్టుమిషన్ దారం కన్నా నాకు ఇదే ఇష్టం. లోపల ఒక కర్ర ముక్క పెట్టండి, మాప్ కర్రని చెక్కి టేపు చుట్టి, పైన కొవ్వొత్తి రుద్దినది. మరీ బిగుతుగా దూర్చకండి, ఊరికే ఆనాలి. చుట్టేటప్పుడు గొట్టం గుండ్రం చెడిపోకుండా ఉంటుంది.

పల్చగా అరల్డైట్ జిగురు రాశాను, రెండు ట్యూబులూ సమానంగా కలిపి. దారం కొస కింద పెట్టి, దాని మీద నుంచే చుట్టుకుంటూ వస్తున్నా. చుట్టు పక్కన చుట్టు, మధ్యలో సందు రాకూడదు. ఆఖరి ఆరు చుట్లకి ముందు ఇంకో దారంతో ఉచ్చు ఇలా పెట్టుకోండి. చుట్టడం అయ్యాక కొసని ఉచ్చులోంచి దూర్చి, ఉచ్చు లాగండి. కొస చుట్ల కిందకి వెళ్లిపోయింది. ముడి లేదు. పైన ఇంకో పూత. మొదటి అరగంట చేత్తో తిప్పుతూ ఉండండి, లేకపోతే ఒక పక్కకి జారి బొడిపె కడుతుంది. తర్వాత 24 గంటలు ముట్టుకోవద్దు.

లిగేచర్, అంటే రీడ్‌ని (ఊదితే అదిరే పల్చటి పలకని) బిగించే పట్టీ, అది కూర్చునే చోటికి కట్టు రాకూడదు, సరేనా? ముందువైపు టేబుల్, అంటే రీడ్ ఆనే చదును భాగం, అంచులు, కొన, వాటి జోలికి అసలు వెళ్లకండి. అక్కడ ఒక్క గీత పడినా రీడ్ సరిగా ఆనదు.

దారం బదులు ఇత్తడి రింగు వేస్తారా అని కొందరు అడుగుతారు. వేయొచ్చు, అందంగా ఉంటుంది. కురుపాం మార్కెట్ వైపు కంసాలి దగ్గర చేయించుకోవచ్చు. కానీ రింగు సులువుగా జారి కూర్చోవాలి, సందు అరల్డైట్‌తో నిండాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆ దెబ్బకే పగులుతుంది. నా ఓటు మాత్రం దారానికే.

ప్లాస్టిక్ మౌత్‌పీస్‌ల వాళ్లు గుర్తుపెట్టుకోండి, శుభ్రం చేయడానికి స్పిరిట్, థిన్నర్ వాడొద్దు. సబ్బునీళ్లు చాలు. ఎబొనైట్ అయినా వేడినీళ్లు పోయకండి, రంగు ఆకుపచ్చగా తిరిగిపోతుంది. ఎండకీ అంతే. మే నెలలో బీచ్ రోడ్డు మీద కారు పార్క్ చేసి సాక్సోఫోన్ లోపల వదిలేయకండి, దయచేసి. వాయించడం అయ్యాక మౌత్‌పీస్ నెక్ మీద నుంచి తీసి పెట్టండి. ఈ ఒక్క అలవాటు వల్ల కార్క్ కూడా నలగదు.

ఇది నిన్న చుట్టినది, ఆరిపోయింది. రీడ్ పెట్టి, వెనక రంధ్రం అరచేత్తో మూసి, గాలి పీలుస్తున్నా. నోటి నుంచి తీసినా రీడ్ అంటుకునే ఉంది. ఇదిగో, ఇప్పుడు టప్‌మని విడిచింది. ఎక్కడా లీకు లేదన్నమాట. ఇప్పుడు నెక్ మీద పెట్టి లో బి ఫ్లాట్ అనే కింది స్వరం వాయిస్తాను. పగులు ఉన్నప్పుడు ఈ స్వరం పలకక బుడబుడమంది, ఇప్పుడు వినండి.