పేజీ దొరకలేదు: ట్యునీషియాలో అమ్మార్ అనే ఆసామి కథ

[తెర మీద: తెల్లటి పేజీ. "404. మీరు అడిగిన పేజీ దొరకలేదు."]

ఈ పేజీ మీరు చూసే ఉంటారు. చిరునామాలో ఒక అక్షరం తప్పు పడినా ఇదే వస్తుంది, సైటు వాళ్లు పాత పేజీ తీసేసినా ఇదే వస్తుంది. విసుక్కుని వెనక్కి వెళ్లిపోతాం. 2000 తర్వాతి పదేళ్లలో ఉత్తర ఆఫ్రికా దేశం ట్యునీషియా కుర్రకారుకు మాత్రం ఈ పేజీ కనిపించగానే ఒక మనిషి పేరు గుర్తొచ్చేది. అమ్మార్. పూర్తి పేరు అమ్మార్ 404.

ఎవరీ అమ్మార్? ముందు రెండు అంకెల సంగతి చూద్దాం.

[తెర మీద: 403, 404 పక్కపక్కన]

మీరు ఒక పేజీ అడిగితే అవతలి కంప్యూటర్ మూడంకెల్లో జవాబిస్తుంది. 403 అంటే పేజీ ఉంది, నీకు చూపించను అని. 404 అంటే అలాంటిదేదీ నా దగ్గర లేదని. మొదటిది నిషేధం, రెండోది పొరపాటు. ట్యునీషియా ప్రభుత్వం తాను మూసేసిన సైట్లకు 403 బదులు 404 చూపించేది. అప్పు ఎగవేసే ఆసామి లోపల కూర్చుని, వాకిట్లో పిల్లాడి చేత "మా నాన్న ఇంట్లో లేడు" అనిపిస్తాడు చూడండి, అచ్చం అలాగే.

అందులోనూ నాటకం సరిగ్గా రక్తి కట్టలేదు. ఆ దొంగ పేజీని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చూపించే పేజీకి నకలుగా తయారు చేశారు. ఫైర్‌ఫాక్స్ వాడేవారికి కూడా అదే వచ్చేది. మారుతి కారు చెడిపోతే అంబాసిడర్ పొగ వచ్చినట్టు! కాస్త బుర్ర పెట్టినవారికి దొరికిపోవడానికి అది చాలు.

[తెర మీద: ట్యునీషియా పటం. నాలుగు వైపుల నుంచి గీతలు ట్యూనిస్‌లోని ఒకే చుక్కకు చేరుతాయి]

ఇంతమందికి ఒకేసారి ఎలా మూయగలిగారు? 1996లో ట్యునీషియా ఇంటర్నెట్ సంస్థ ఏర్పడింది. కనెక్షన్ ఇచ్చే కంపెనీలు ఎన్ని ఉన్నా, అన్నిటి రాకపోకలూ ఆ సంస్థ గుండానే సాగాలి. ఊరికంతా ఒకే తూము. తూము దగ్గర ఒక వడపోత సాఫ్ట్‌వేర్, దానికొక జాబితా. యూట్యూబ్, డైలీమోషన్ 2007 నుంచి ఆ జాబితాలో ఉన్నాయి. 2008 ఆగస్టులో ఫేస్‌బుక్ కూడా చేరింది. జనం గొడవ చేస్తే సుమారు రెండు వారాలకు వదిలేశారు.

ఇక మనిషి కంప్యూటర్ ముందు కూర్చునే చోటికి వద్దాం.

[తెర మీద: వీధి మలుపులో చిన్న దుకాణం, బోర్డు మీద "పబ్లినెట్"]

ఇంట్లో కనెక్షన్ లేని కుర్రవాడికి దిక్కు పబ్లినెట్. మన నెట్ సెంటరే. హాల్‌టికెట్ కోసం, ఇంటర్ ఫలితాల కోసం మనం వరుసలో నిలబడ్డ ఆ ఇరుకు గది గుర్తుందా? అలాంటిదే, కానీ ఇక్కడ కీబోర్డు మీద ఫ్రెంచి అక్షరాల పక్కన అరబిక్ అక్షరాలు కూడా ఉంటాయి. మరో ముఖ్యమైన తేడా, తన దుకాణంలో ఎవరు ఏం చూసినా, ఏం రాసినా యజమాని కూడా బాధ్యుడే. ప్రభుత్వం ప్రతి దుకాణంలోనూ ఒక పోలీసును కూర్చోబెట్టనక్కర్లేదు. జీతం లేని పోలీసు గల్లాపెట్టె దగ్గరే కూర్చుని ఉన్నాడు.

2002 జూన్ 4న రాజధాని ట్యూనిస్‌లో ఒక పబ్లినెట్ నుంచే జుహైర్ యహ్యావీ అనే యువకుణ్ణి పట్టుకుపోయారు. ఆయన అక్కడే పనిచేసేవాడు. "అత్తూన్సీ", అంటే ట్యునీషియావాడు అన్న మారుపేరుతో ట్యూనెజైన్ అనే సైటు నడిపేవాడు. చదివేవారికి అందులో ఒక ప్రశ్న వేశాడు: మన దేశం గణతంత్రమా, రాజ్యమా, జంతు ప్రదర్శనశాలా, జైలా, ఇవేవీ కావా? జవాబు జైలు రూపంలోనే వచ్చింది. రెండేళ్ల శిక్ష. ఆరోపణల్లో ఒకటి అబద్ధపు వార్తలు. రెండోది వినండి, పనిచేసే చోట ఇంటర్నెట్‌ను దుర్వినియోగం చేశాడట. జైల్లో నిరాహార దీక్షలు చేశాడు. 2003 నవంబరులో విడుదలయ్యాడు. 2005 మార్చి 13న గుండెపోటుతో పోయాడు. ముప్పై ఏడేళ్లు.

యహ్యావీ మారుపేరు వెనక దాక్కోవలసి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఒక అమ్మాయి దాక్కోలేదు.

[తెర మీద: ట్యూనిస్ వీధి, పుస్తకాల సంచి భుజాన వేసుకున్న యువతి వెనక నుంచి]

లీనా బెన్ మ్హెన్నీ. 1983లో పుట్టింది. ట్యూనిస్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు పాఠాలు చెప్పేది. తండ్రి పాత రాజకీయ ఖైదీ. లీనాకు చిన్నప్పటి నుంచే లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు. మూత్రపిండాలు చెడిపోతే 2007లో తల్లి తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. పాఠాలు, మందులు, ఆసుపత్రి, వీటి మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా "ఎ ట్యునీషియన్ గర్ల్" అన్న పేరుతో రాసేది. కింద సొంత పేరు, పక్కన సొంత ఫొటో. అరబిక్, ఫ్రెంచి, ఇంగ్లిషు, ఏది ఎవరికి చేరాలో ఆ భాషలో.

భాష అంటే గుర్తొచ్చింది. ఆ తరం ట్యునీషియా పిల్లలు ఇంటి మాటను రోమన్ అక్షరాల్లో కొట్టేవారు. మనం ఆర్కుట్ రోజుల్లో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నట్టే. కానీ గొంతు లోపలి నుంచి వచ్చే కొన్ని అరబిక్ ధ్వనులకు రోమన్‌లో అక్షరం లేదు. అందుకని అంకెలు దింపారు. "అయిన్" అనే అరబిక్ అక్షరాన్ని అద్దంలో చూస్తే 3లా కనిపిస్తుంది. అమ్మార్ పేరు అరబిక్‌లో ఆ అక్షరంతోనే మొదలవుతుంది, కాబట్టి రోమన్‌లో దాని మొదట్లో 3. అలా మన అమ్మార్ పేరుకు ముందూ అంకే, వెనకా అంకే!

[తెర మీద: 3 అంకె అద్దంలో తిరగబడి అరబిక్ అక్షరంగా మారుతుంది]

ఈ అమ్మార్ ఊహల్లోంచి పుట్టిన మనిషే. కత్తెర పట్టుకున్న గుమాస్తాగా బొమ్మలు వేశారు. ఎవరి సైటు మూతపడితే వారికి తోటివారు పరామర్శలు, మధ్యమధ్య అభినందనలు కూడా. మూతపడినవారు కొత్త చిరునామాలో మళ్లీ మొదలుపెట్టేవారు. నిషేధం తప్పించుకునే ప్రాక్సీ చిరునామాలు ఒకరి నుంచి ఒకరికి అందేవి. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, వాళ్లు ఆ నిషేధానికి ఒక పేరు పెట్టారు. సాంకేతిక లోపంతో ఎవరు పోట్లాడగలరు? అమ్మార్‌తో అయితే పోట్లాడవచ్చు, వెక్కిరించవచ్చు, "పో" అనవచ్చు.

2010 మే 22న అదే చేయబోయారు.

[తెర మీద: చెట్ల నీడలో వెడల్పాటి వీధి, రెండు పక్కలా కాఫీ బల్లలు]

ఇది ట్యూనిస్ నడిబొడ్డున ఉన్న హబీబ్ బుర్గీబా అవెన్యూ. పేటల్లోని మామూలు కాఫీ దుకాణాలు చాలావరకు మగవారి రాజ్యం. ఆడా మగా కలిసి కూర్చోవాలంటే ఇలాంటి పెద్ద వీధికో, టీ సెలూన్‌కో రావాలి. చిన్న గ్లాసులో చిక్కటి కాఫీ, దానిమీద నాలుగు చుక్కల పాలు. ఆ ఒక్క గ్లాసుతో గంటలు గడపవచ్చు, ఎవరూ లేవమనరు. వేసవి సాయంత్రాల్లో మల్లెమొగ్గల గుత్తులు అమ్మేవాళ్లు బల్లల మధ్య తిరుగుతారు. మనం దారంతో మాల కడతాం. వాళ్లు ఒక్కో మొగ్గను ఎండు గడ్డిపుల్లకు గుచ్చి, పుల్లలన్నీ కలిపి దారం చుడతారు. దాన్ని చెవి మీద పెట్టుకునేది మగవాళ్లు.

ఆన్‌లైన్‌లో పరిచయమైనవారు ముఖాముఖి కలిసేది ఇలాంటి బల్లల దగ్గరే. అనుమతి అడిగి, చట్టప్రకారం, మంత్రిత్వ శాఖ ముందు నిరసన చేయాలని ఆ యువకులు అనుకున్నారు. అడగడానికి వెళ్లినవారిలో స్లిమ్ అమామూ అనే ప్రోగ్రామర్ ఒకడు. ముందురోజు ఇద్దరు నిర్వాహకులను పోలీసులు పట్టుకుని, నిరసన రద్దయిందని వాళ్ల చేతనే వీడియోలో చెప్పించారు. సరే, నిరసన లేదు. తెల్ల చొక్కా వేసుకుని అవెన్యూలో కాఫీ తాగడం నేరం కాదు కదా? తెల్ల చొక్కాలు వచ్చి బల్లల దగ్గర కూర్చున్నాయి. మామూలు దుస్తుల్లో ఉన్న పోలీసులు చొక్కా రంగు చూసి మనుషులను పంపించేయడం మొదలుపెట్టారు. తెలుపును చూసి బెదిరిన ప్రభుత్వం!

ఏడు నెలలు తిరగకుండానే నవ్వులాట ముగిసింది. 2010 డిసెంబరు 17న సిదీ బూజిద్ పట్టణంలో బండి మీద పళ్లు, కూరగాయలు అమ్ముకునే మొహమ్మద్ బువాజీజీ, అధికారులు సరుకు లాక్కున్నారన్న అవమానంతో ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ దేశపు టీవీ ఏమీ జరగనట్టే ఉంది. వీడియోలు ఫేస్‌బుక్‌లో తిరిగాయి. కోటి దాటిన జనాభాలో సుమారు 20 లక్షల మందికి అప్పటికే అక్కడ ఖాతాలున్నాయి. లీనా రెగెబ్, కాస్రీన్ వంటి లోపలి పట్టణాలకు వెళ్లింది. చనిపోయినవారి ఇళ్లకు, గాయపడినవారి మంచాల దగ్గరకు వెళ్లి ఫొటోలు తీసి, సొంత పేరుతో పెట్టింది.

అమ్మార్ కూడా పని పెంచాడు. పేజీలు మూయడంతో ఆగకుండా దొంగతనానికీ దిగాడు. ఫేస్‌బుక్, జీమెయిల్ లాగిన్ పేజీ మీ కంప్యూటర్‌కు వచ్చే దారిలోనే అందులో నాలుగు వాక్యాల కోడ్ దూర్చి, మీరు కొట్టే పాస్‌వర్డ్‌ను నకలు తీసుకునేవారు. 2011 జనవరిలో ఫేస్‌బుక్ ఆ దేశం నుంచి వచ్చే లాగిన్లన్నిటినీ రహస్య లిపితో నడిచే దారికి మళ్లించవలసి వచ్చింది.

[తెర మీద: ఫోనులో పటం, దాని మీద ఒక చుక్క]

జనవరి 6న స్లిమ్ అమామూ మాయమయ్యాడు. ఎక్కడున్నాడో స్నేహితులకు ఎవరూ చెప్పలేదు, అతని ఫోనే చెప్పింది. ఉన్న చోటు చూపించే ఫోర్‌స్క్వేర్‌లో చుక్క అవెన్యూ మీదే ఉంది, హోం మంత్రిత్వ శాఖ భవనంలో. 13న వదిలారు. ఆ రాత్రే అధ్యక్షుడు బెన్ అలీ టీవీలో కనిపించి ఇంటర్నెట్ మీద ఆంక్షలు తీసేస్తానన్నాడు. యూట్యూబ్ తెరుచుకుంది. మర్నాడు అదే భవనం ముందు జనం నిండిపోయి "దెగాజ్" అని అరిచారు. ఫ్రెంచిలో "పో" అని. సాయంత్రానికి బెన్ అలీ విమానం ఎక్కాడు. ఆ వారంలోపే అమామూ యువజన, క్రీడల శాఖలో సహాయ మంత్రి. మంత్రివర్గ సమావేశంలో కూర్చుని ట్వీట్లు పెట్టాడు. మే నెలలో రాజీనామా చేసి బయటికి వచ్చాడు. సైట్లు మూసిన ఇంటర్నెట్ సంస్థ భవనంలోనే తర్వాత కుర్రవాళ్లు ప్రయోగాలు చేసుకునే ఒక గది తెరిచారు. దాని పేరు 404 ల్యాబ్.

లీనా ప్రభుత్వంలో చేరలేదు. 2016లో తండ్రితో కలిసి జైళ్లకు పుస్తకాలు పోగుచేసే పని పెట్టుకుంది. వేలకొద్దీ వచ్చాయి. 2020 జనవరి 27న, ముప్పై ఆరేళ్లకు, జబ్బు గెలిచింది. ఆమె శవపేటికను ఆడవాళ్లు మోశారు. అక్కడి ఆనవాయితీకి అది విరుద్ధం.

ఇప్పుడు ట్యునీషియాలో పబ్లినెట్ అవసరం చాలామందికి లేదు, ఫోనులోనే అంతా. పేజీలు తెరుచుకుంటాయి. కానీ 2022 సెప్టెంబరులో అధ్యక్షుడు కైస్ సయీద్ 54వ నంబరు డిక్రీ, అంటే చట్టంలా అమలయ్యే ఆదేశం, తెచ్చాడు. తప్పుడు వార్త రాశారంటే ఐదేళ్ల వరకు జైలు, అది ప్రభుత్వాధికారి గురించి అయితే పదేళ్ల వరకు. పాత్రికేయులు, న్యాయవాదులు, ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసిన మామూలు మనుషులు దీని కింద లోపలికి వెళ్లారు. వెళ్లిన చోట చదువుకోవడానికి లీనా, ఆమె తండ్రి పంపిన పుస్తకాలు ఉన్నాయి.