ఇవాళ్టి పజిల్ కాగితాన్ని ఒకసారి తలకిందులుగా పట్టుకోండి

అబ్బాయి: నమస్కారమండీ, అమలాపురం నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ్టి సులువు గళ్ళ నుడికట్టు, అదే క్రాస్‌వర్డ్ పజిల్, ఇంకా నింపని వాళ్ళుంటే ఇక్కడే ఆపేసి, అది పూర్తి చేసుకుని రండి. జవాబులన్నీ బయటపెట్టేస్తాం. పెద్దమ్మా, ఎలా ఉంది?

పెద్దమ్మ: చాలా బాగుందిరా. సులువు అని పేరు పెట్టి నాలుగు పర్యాయపదాలు పడేసి వదిలేస్తుంటారు, ఇది అలాంటిది కాదు. చేసినవాళ్ళెవరో గానీ మనసు పెట్టి చేశారు.

అబ్బాయి: ఒకటి అడ్డం చూడగానే మన వైపు వాళ్ళే చేశారనిపించింది నాకు. “గోదారి పాయల నడుమ నేల, చుట్టూ నీళ్ళే”, రెండు గళ్ళు. లంక!

పెద్దమ్మ: మనకి వెంటనే తట్టేస్తుంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లాడికి గోదారి లంకలు తెలియకపోయినా, చుట్టూ నీళ్ళే అన్నారు కాబట్టి రావణుడి లంక గుర్తొస్తుంది, జవాబు అదే పడుతుంది. సులువు క్లూ అంటే అలా ఉండాలి, ఎటు నుంచి వచ్చినా మనిషి దారి తప్పకూడదు.

అబ్బాయి: అసలు సంగతికి వద్దాం. కింద కుడి మూల, చిట్టచివరి అడ్డం, “కత్తి కంటే పదునైనదంటారు”. కలం. లంకని తిప్పితే కలం! ఇది రాగానే నేను వెనక్కెళ్ళి మిగతావన్నీ తిప్పి చూడటం మొదలుపెట్టాను.

పెద్దమ్మ: పైన కుడివైపు “సామిల్లులో కోసేది” అంటే కలప, కింద ఎడమవైపు “బలపానికి జోడీ” అంటే పలక. నిలువుల్లో “అమీన్ పీర్ దర్గా ఉన్న సీమ ఊరు” కడప, దానికి ఎదురుగా “ఒళ్ళు వాల్చే చోటు” పడక. నట్టనడుమ అయిదు గళ్ళు, “అటు చదివినా ఇటు చదివినా తెనాలి వారే”.

అబ్బాయి: వికటకవి.

పెద్దమ్మ: అదొక్కటే తిప్పినా మారదు, అందుకే దాన్ని నడుమ కూర్చోబెట్టారు. ఇప్పుడు నువ్వు చూశావో లేదో గానీ, ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకో. నల్ల గళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి, అది మంచి పజిల్స్ చాలావాటిలో ఉండే పద్ధతే. కానీ ఇందులో జంట మాటల అక్షరాలు కూడా అంతే. మొదటి గడిలో ‘లం’ ఉంది, చిట్టచివరి గడిలోనూ ‘లం’ ఉంది. దాని పక్క గడిలో ‘క’, చివరి నుంచి రెండో దానిలోనూ ‘క’. కలప, పలకలకీ ఇదే లెక్క, కడపకీ ఇదే. ‘వికటకవి’లో ‘ట’ సరిగ్గా మధ్య గడిలో పడింది, దాని చుట్టూ ఈ జంటలన్నీ తిరుగుతున్నాయి.

అబ్బాయి: అబ్బ, అది నేను పట్టుకోలేదు పెద్దమ్మా! అంటే జంటలో ఒక జవాబు తెలిస్తే, ఎదురు మూలలో రెండోది క్లూ చదవకుండానే నింపేయొచ్చు.

పెద్దమ్మ: అదే చెబుతున్నా. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళకి ఈ ఆట అర్థమైన దగ్గర్నుంచి జంటలోని ప్రతి జవాబూ ఇంకో జవాబుని తెచ్చిపెడుతుంది. ఇక్కడ ఆ సులువంతా కూర్పులోంచి వచ్చింది, క్లూలని పలచన చేయాల్సిన పని పడలేదు.

అబ్బాయి: ఈ ఆట పుట్టినప్పటి నుంచీ అంతే కదా. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొట్టమొదటి పజిల్‌లో, వజ్రం ఆకారంలో ఉంటుందది, పైన ‘ఫన్’ అనే మాట ఆయనే నింపి ఇచ్చాడు, జనం అక్కడి నుంచి పట్టుకుని అల్లుకుపోయేలాగ. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు ఇప్పటికీ సోమవారం సులువుది ఇచ్చి శనివారానికి గట్టిది చేస్తారు. సోమవారం దానికి తక్కువ పని పడుతుందని ఎవరూ అనుకోరు. మన దగ్గరే సులువంటే చిన్నచూపు.

పెద్దమ్మ: ఇంకోటి, ఈ తిప్పుడు ఇంత బాగా కుదరడానికి మన గళ్ళ పద్ధతి కారణం. గడికి ఒక అక్షరం, గుణింతం, సున్నా, ఒత్తు అన్నీ దానితోనే. ‘లం’ ఒకే గడి కాబట్టి వెనక్కి తిరిగినా సున్నా దాన్ని వదిలిపోదు. అదే ఇంగ్లిషు గళ్ళలో లంక రాస్తే అయిదు గళ్ళు, తిప్పితే ఏ మాటా రాదు.

అబ్బాయి: పాట, టపా జంట సంగతేంటి? రావులపాలెం నుంచి వస్తూ బస్సులో దీనికి పైకే నవ్వేశాను. “కచేరీలోనూ వేలంలోనూ పాడేదే” అంటే పాట.

పెద్దమ్మ: ఏటా మన సంతలకీ రేవులకీ జరిగేది ఆ పాటే కదరా. టపాకి ఏమిచ్చారు, “కడితే ప్రాణం పోయినట్టే”. టపా కట్టేశాడు అంటాం చూడు, అదన్నమాట. నా ఓటు దీనికే. పోస్టు అనో ఉత్తరాల సంచి అనో రాసేసి ఊరుకోవచ్చు, కానీ రోజూ నోట్లో నానే మాటని పట్టుకుని ఒక మెలిక వేశారు.

అబ్బాయి: జంట లేని మాటల్లో పంటు గురించి ఒక మాట. “రేవులో బళ్ళనీ మనుషుల్నీ దాటించేది”, రెండు గళ్ళ నిలువు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం దాటేవాళ్ళకి పంటు తెలుసు, అనంతపురం వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

పెద్దమ్మ: తెలియక్కర్లేదు. ‘పం’ మీదుగా పందిరి పోతోంది, ‘టు’ దగ్గర పోటు ఆగుతోంది, సముద్రానికి ఆటుతో పాటు వచ్చేది అని. రెండూ చిన్నపిల్లలు చెప్పేవి. అడ్డాలు నింపితే పంటు దానంతటదే వస్తుంది. అలా అండ చూసుకుని మన ఊరి మాట ఒకటి వేస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

అబ్బాయి: మరి నచ్చనిది?

పెద్దమ్మ: నది, దిన. నది బావుంది. ‘దిన’ అని విడిగా ఎవరంటారురా? దినం అంటాం, లేకపోతే దినపత్రిక అంటాం. “పత్రికకు ముందుండేది” అని క్లూ ఇచ్చి గట్టెక్కారు గానీ అది సగం మాట. మిగతా జంటలన్నీ నిండు మాటలు కాబట్టి ఇది కంట్లో నలుసులా ఉంది.

అబ్బాయి: నాకంత తప్పు అనిపించలేదు. సమాసంలో ఉంది కదా.

పెద్దమ్మ: సమాసంలో ఉంటే సమాసమే అడగాలి. పైగా దీని చోట పెట్టడానికి మంచి జంట చేతికందేలా ఉంది. పెరట్లోకి చూడు.

అబ్బాయి: కొబ్బరి... అరటి... జామ! తిప్పితే... మజా!

పెద్దమ్మ: రెండు గళ్ళే, ఆ చోట్లోనే పట్టేస్తుంది. చుట్టూ ఉన్న నిలువులు మాత్రం మార్చుకోవాలి, అది కాస్త పనే.

అబ్బాయి: వినేవాళ్ళు కూడా జంటలు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం. మూడు గళ్ళవైతే మరీ మంచిది.

పెద్దమ్మ: పంపేముందు గుణింతం సరిచూసుకోండమ్మా, తిప్పేటప్పుడు దీర్ఘం ఆ అక్షరంతోనే పోవాలి. రమ, మర చెల్లుతుంది. తార తిప్పితే ‘రతా’ వస్తుంది, ‘రాత’ రాదు, అది చెల్లదు.