ఉప్పు నీళ్లు, ఒక చుక్క ఆల్కహాల్

అందరికీ నమస్కారం. వానాకాలంలో ఉప్పు డబ్బాకి మూత సరిగ్గా పెట్టకపోతే ఉప్పు చెమర్చి ముద్దయిపోతుంది కదా? మన వ్యామ్ చిల్లర్ (ఆవిరిని పీల్చే ద్రావణంతో నీళ్లను చల్లబరిచే యంత్రం) నడిచేది ఆ గుణం మీదే. లిథియం బ్రోమైడ్ అనే ఉప్పు ద్రావణం ఆవిరిని లాగేస్తుంటే, ఎవాపరేటర్లో (నీళ్లు ఆవిరయ్యే గదిలో) నీళ్లు 5 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడి పీడనం పాదరసం లెక్కలో ఆరేడు మిల్లీమీటర్లు, బయట 760.

ఆ పీడనంలో 1 కిలో నీటి ఆవిరికి దాదాపు 147 ఘనపు మీటర్ల చోటు కావాలి. పదడుగుల ఎత్తున్న ఐదొందల చదరపు అడుగుల ఇల్లంత! దాన్ని సన్నటి పైపులో పంపితే ఉన్న కాస్త పీడనమూ దారిలోనే పోతుంది. అందుకే ఎవాపరేటర్, ద్రావణం ఆవిరిని పీల్చే అబ్జార్బర్ పక్కపక్కనే ఒకే షెల్లో, అంటే ఒకే డొల్లలో ఉంటాయి.

అసలు తంటా అబ్జార్బర్లో. ఆవిరిని పీల్చినకొద్దీ ద్రావణం వేడెక్కుతుంది, వేడెక్కితే పీల్చడం తగ్గుతుంది. చల్లబరిచే నీళ్లు పారే ట్యూబుల మీద జారే ద్రావణపు పొరలో పైభాగం పల్చబడి, వేడెక్కి అలాగే కూర్చుంటుంది. కింద చల్లగా, చిక్కగా ఉన్న ద్రావణానికి ఆవిరి అందదు. ట్యూబులు పెంచవచ్చు, కానీ ఖర్చు. పైగా ద్రావణాన్ని ట్యూబుల మీదికి వదిలే ట్రే వాలిపోయి సగం ట్యూబులు తడవకపోతే అవి ఉన్నా లేనట్టే.

ఇదిగో, ఈ పళ్లెంలో నీళ్లు, పైన మిరియాల పొడి. సబ్బు అంటిన వేలు పెడుతున్నాను... చూశారా, పొడంతా అంచుకి పరిగెత్తింది! తలతన్యతలో తేడా చేసిన పని అది. ద్రావణంలో ఆక్టైల్ ఆల్కహాల్ కాస్త కలిపితే జారే పొర కూడా ఇలాగే తనంతట తాను కలియబడుతుంది. మారంగొనీ ప్రభావం అంటారు. కొత్త ద్రావణం పైకి వస్తూనే ఉంటుంది. నన్నడిగితే, ఖర్చుకి తగ్గ ఫలితంలో దీన్ని మించింది లేదు.

అయితే లోపల గాలి ఉంటే ఇదంతా దండగ. నేను పనిచేసిన ఒక ప్లాంటులో చల్లదనం తగ్గితే రెండు రోజులు ట్యూబులు తోమించాను, కూలింగ్ టవర్ కడిగించాను. ఒకటే టెన్షన్. చివరికి చూస్తే సైట్ గ్లాస్ (లోపలికి చూసే గాజు కిటికీ) గాస్కెట్ దగ్గర లీకు. ఆవిరి వెంట వచ్చిన గాలి ట్యూబుల చుట్టూ దుప్పటిలా కప్పేసింది. ఆవిరి దాన్ని తోసుకుని రావాలి మరి.

అప్పటి నుంచి ముందు బాటిల్ పరీక్షే. లోపలి గాలిని లాగే వాక్యూమ్ పంపు నుంచి వచ్చే గొట్టాన్ని నీళ్ల సీసాలో ముంచి, నిమిషానికి ఎన్ని బుడగలో లెక్కపెడతాను. పంపు ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే అందులోకి నీటి ఆవిరి చేరినట్టే. ముందు ఆయిల్ మార్చి, మళ్లీ లెక్కపెడతాను.